రోజా కాదు, రోజూ

మా ఆయన నన్ను మొదటిసారి "మీరు" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కాఫీ గ్లాసు చేతికిస్తూ వేడిగా ఉంది, జాగ్రత్త అన్నాను. "అలాగేనండి, మీరు తాగారా?" అన్నారు. ఎగతాళి చేస్తున్నారనుకుని ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు. ఎవరింటికో వెళ్తే ఆ ఇంటావిడ చేతిలోంచి గ్లాసు ఎంత ఒద్దికగా పుచ్చుకుంటామో అంత ఒద్దికగా పుచ్చుకున్నారు. నాకు నవ్వు ఆగిపోయింది.

ఆయన పేరు ప్రభుదాసు. పుట్టుకతోనే చూపు లేదు. కాకినాడ జగన్నాథపురంలో మా ఇంటి వసారాలోనే కూర్చుని హార్మోనియాలు బాగుచేస్తారు. చుట్టుపక్కల చర్చిలవన్నీ, భజన మందిరాలవన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. నన్ను ఆయన ఏనాడూ చూడలేదు, విన్నారంతే. ఆయనకు నేనంటే నా గొంతు. ఆ గొంతు ఇప్పుడు నా దగ్గర లేదు. దాన్ని తిరిగి తెచ్చుకోకపోతే మా ఇంట్లో నేను కాఫీలిచ్చే పరాయి మనిషిగానే మిగిలిపోతాను.

నేను సుగుణని. ఆర్కెస్ట్రాలో పాడతాను. ఎవరు పాడిన పాటైతే వాళ్ల గొంతుతో పాడటమే నా పని. ఇప్పటివాళ్లు దాన్ని కవర్ సాంగ్ అంటున్నారు. నేను పావడాలు కట్టుకున్నప్పటి నుంచి చేస్తున్నది అదే. "అచ్చం ఆవిడే పాడినట్టుంది" అని ఎవరైనా అంటే నాకు శాలువా కప్పినంత సంతోషం. గోదావరి లంకల్లో పుట్టిన పిల్లని, మా ఊరి యాస నోట్లోంచి పోగొట్టుకోవడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్లకు వద్దు.

నన్ను వెతుక్కుంటూ వచ్చింది డాక్టర్ ఇందుమతి. ఆవిడ ప్రయోగశాల మా ఊళ్లోనే, సముద్రం వైపు. పక్షవాతంతో వాళ్ల నాన్నగారికి మాట పడిపోతే, పాత పెళ్లి వీడియోల్లోంచి ఆయన గొంతు ఏరి, ఆయనకే మళ్లీ నేర్పిన మనిషి. మెడకు చుట్టే ఒక పట్టీ, దానికో యంత్రం. యంత్రం గొంతు వింటుంది. ఆ శబ్దం రావాలంటే నాలుక ఎక్కడ ఉండాలి, పెదవులు ఎలా తిరగాలి, గొంతులో తీగలు ఎంత బిగియాలి అని లెక్క కడుతుంది. పట్టీ సన్నటి కరెంటుతో మన కండరాలకు ఆ కదలికలు నేర్పుతుంది. నేర్చుకున్నాక పట్టీ తీసేసినా కండరాలు మరిచిపోవు. మూగబోయిన వాళ్లకు ఇది వరం. ఈ సంగతి జనంలోకి వెళ్లాలంటే పాటకన్నా దగ్గరి దారి లేదని ఎవరో ఆవిడ చెవిలో వేశారు.

పాట కూడా సిద్ధంగా ఉంది. రత్నాలపాడు సంస్థానాన్ని పూర్వం ఏలిన రాణి రాజ్యలక్ష్మమ్మకు గులాబీలంటే ప్రాణం. కోట చుట్టూ తోటలు వేయించిందట. ఆవిడ బొమ్మ ఏది చూసినా చేతిలో రోజా ఉంటుంది. తోటమాలికీ ఆవిడకీ మధ్య ఏదో ఉందని గుసగుసలు కూడా ఉన్నాయి గానీ, రాణుల మీద గుసగుసలు లేనిదెప్పుడు? ఆవిడ పోయిన చాలా కాలానికి మాణిక్యం అనే పాటగత్తె ఆవిడ మీద ఒక పాట పాడి గ్రామఫోను ప్లేటు ఇచ్చింది. ఆ ప్లేటు ఒక్కటే మిగిలింది. వినీ వినీ అరిగిపోయి, సగం పాట బరబరలోనే పోతుంది. పల్లవి మాత్రం ఆ ప్రాంతంలో అందరికీ వచ్చు.

"రోజా కావాలందిరా రాణి..."

రత్నాలపాడులో ఏటా జరిగే రోజాల ఉత్సవానికి ఆ పాటను కొత్తగా విడుదల చెయ్యాలని హైదరాబాదు ఆడియో కంపెనీ ఒకటి ముచ్చటపడింది. మాణిక్యం గొంతుతోనే, బతికున్న మనిషి పాడాలి. అలాంటి పనికి నన్ను మించినవాళ్లు ఎవరుంటారని నేనూ అనుకున్నాను. ఇన్నాళ్లూ బయటి నుంచి అనుకరించాను. ఇప్పుడు లోపలి నుంచి అనుకరించవచ్చు. ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

మొదలుపెట్టే ముందు ఇందుమతి గారు ఒక జాగ్రత్త తీసుకున్నారు. మీ సొంత గొంతు రికార్డు చేసి ఉంచుకుందాం, అవసరమైతే అది చూసే మళ్లీ నేర్పించవచ్చు అన్నారు. మైకు ముందు కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడమన్నారు. మైకు కనిపిస్తే నేనెలా మాట్లాడతానో నాకు తెలియదు, ఎందుకంటే అప్పుడు నేను వినను కదా. నా పేరు, ఊరు, మా ఆయన పని, ఆ రోజు వండిన కూర అన్నీ చక్కగా చెప్పాను. ఇందుమతి గారు బాగా వచ్చిందన్నారు.

పట్టీ కట్టాక నన్నేమీ చెయ్యొద్దన్నారు. ఊరికే నోరు కాస్త తెరిచి కూర్చోవాలి. కాసేపటికి నా నాలుక దానంతటది లేచి అంగిటిని తాకింది. ఎవరో లోపల నిలబడి నా నోరు వాడుకుంటున్నట్టుంది. భయం వేసింది, దాంతోపాటు ఒక రకమైన హాయి కూడా అనిపించింది. అలా కొన్నాళ్లు వెళ్లివచ్చాను. ఒక ఉదయం మా వీధి మలుపులో ఆటోవాడితో బేరమాడుతుంటే వాడు తలెత్తి, "అమ్మా, రేడియోలో పాడతారా మీరు?" అన్నాడు. నా నోట్లోంచి మాణిక్యం బేరమాడుతోంది.

రికార్డింగు రోజున అందరూ వచ్చారు. కంపెనీ తరఫున వచ్చినాయన పేరు శేషఫణి, కళ్లజోడు నుదుటి మీదే ఉంచుకుని మాట్లాడే మనిషి. తబలా మొదలైంది. నేను కళ్లు మూసుకుని పల్లవి అందుకున్నాను. "రో..." అని సాగదీసి "జా" అనబోయాను. నా పెదవులు గుండ్రంగా చుట్టుకున్నాయి. "జూ" అని వచ్చింది. ఆ తర్వాత నాలుక కావాలంది అనే మాట వైపు పోలేదు.

"రోజూ రావాలందిరా రాణి..."

శేషఫణి ఆపమన్నాడు. మళ్లీ పాడించాడు. మళ్లీ అదే వచ్చింది. నేను పట్టుబట్టి "జా" అనడానికి నోరు తెరిస్తే గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. మాణిక్యం పాడనిది ఆ గొంతు పాడదు. ఇందుమతి గారు పరుగున వెళ్లి యంత్రం ముందు కూర్చుని, ప్లేటులోని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టి చూశారు. బరబరలో మన చెవికి అందని పెదవుల కదలిక యంత్రానికి అందింది. ఊరు ఊరంతా ఇన్నాళ్లూ తప్పు విని తప్పు పాడుకుంది. రాణి రోజా కావాలని అడగలేదు. రోజా తెచ్చేవాణ్ణి రోజూ రమ్మంది. శేషఫణి కళ్లజోడు కిందికి దింపుకున్నాడు.

పాట ఎంత పేరు తెచ్చుకుందో చెప్పక్కర్లేదు. రత్నాలపాడులో రెండు వర్గాలైపోయారు. రాణి పరువు తీశారని ఒకరు, రాణికి ప్రాణం పోశారని ఒకరు. ఆ గొడవతో పాట ఇంకా ఎక్కువమందికి చేరింది. నేను ఎక్కడికి వెళ్లినా జనం మూగుతున్నారు. ఇంటికి వస్తే మా ఆయన "కూర్చోండి" అంటున్నారు.

ఆయన కావాలని చేస్తున్నది కాదు. నేను పోట్లాడితే తప్పు దిద్దుకుని "నువ్వు" అనేవారు, రెండు మాటలయ్యేసరికి మళ్లీ "మీరు"లోకి జారిపోయేవారు. అన్నం దగ్గర ఇంకో ముద్ద పెట్టమని అడగడానికి మొహమాటపడేవారు. నేను గదిలోకి వస్తే బనీను మీద చొక్కా తొడుక్కునేవారు. నేను ఏడిస్తే ఆ ఏడుపు కూడా మాణిక్యానిదే. ఎవరో ఆవిడ మా ఇంట్లో ఏడుస్తుంటే ఎలా ఓదార్చాలో తెలియక ఆయన చేతులు నలుపుకునేవారు. నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు, బయట తిరగబుద్ధి కాలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని.

పట్టీ కట్టింది కొన్నాళ్లే, ఇంకా లోతుగా దిగలేదు, ఉత్సవం అయ్యేలోపు పాత గొంతు దానంతటదే వచ్చేస్తుందన్నారు ఇందుమతి గారు. రాలేదు. అప్పుడు ముందు జాగ్రత్తగా దాచిన రికార్డు బయటికి తీశారు. మా ఆయన్ని కూడా తీసుకెళ్లాను. రికార్డు వినిపించగానే ఆయన తల పక్కకు వాల్చి ఎంతో మర్యాదగా అడిగారు.

"ఈ రేడియో అమ్మాయెవరండీ?"

అప్పుడు అర్థమైంది. మైకు ముందు కూర్చోగానే నేను అలవాటుకొద్దీ ఇంకొకరినైపోయాను. వార్తలు చదివే గొంతొకటి తెచ్చి పెట్టుకుని, నా పేరు, నా ఊరు, నా కూర చెప్పాను. ఆర్కెస్ట్రా రికార్డులు తెచ్చి ఇచ్చాను, అన్నీ ఎవరెవరివో గొంతులే. ఫోనులో పంపిన మాటలు వెతికాం, అందులోనూ పెద్దవాళ్లతో ఒకలా, డబ్బులివ్వాల్సినవాళ్లతో ఒకలా మాట్లాడాను. ఇన్నివేల పాటలు పాడిన మనిషికి సొంత గొంతు ఒక్క నిమిషం లేదు. ఇందుమతి గారి ముఖం పాలిపోయింది. తప్పు తనదేనన్నారు. తప్పు ఎవరిదైతేనేం, గొంతు నాది.

ఇంతలో శేషఫణి మళ్లీ వచ్చాడు. మాణిక్యానివి అరిగిపోయిన ప్లేట్లు ఇంకా ఉన్నాయి. అన్నీ నేనే పాడాలన్నాడు. అందుకు పట్టీ ఇంకో విడత, ఈసారి ఇంకా లోతుగా కట్టాలి. ఇందుమతి గారు నా చెయ్యి పట్టుకుని ఉన్నమాట చెప్పారు. ఈ విడత అయితే ఇక వెనక్కి రావడం ఉండదు, మాణిక్యం గొంతే నా గొంతు అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముందని కూడా అనిపించింది. ఎలాగూ పోయింది కదా.

ఆ వారంలోనే మా పక్క వాటాలోకి కొత్తగా దిగిన మంగాయమ్మ గారు గోడ మీదుగా నన్ను పిలిచి, గొంతు తగ్గించి, అడగొచ్చో లేదో అంటూనే అడిగేసింది. మధ్యాహ్నంపూట మీ ఇంట్లో మాట్లాడే ఆ లంకలావిడ ఎవరు, మీకు చుట్టమా అని. నేను తెల్లబోయాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను లోపలి గదిలో ఒక కునుకు తీస్తాను. ఆయన వసారాలో పని చేసుకుంటారు. ఆ వేళకు మా ఇంటికి ఎవరూ రారు. ఆవిడ నొక్కి చెప్పింది. రోజూ వస్తుందట, మీ ఆయన కూడా బాగా నవ్వుతూ మాట్లాడతారట.

నన్ను "మీరు" అంటూ దూరం పెట్టిన మనిషి, నేను కన్ను మూయగానే ఎవత్తెనో కూర్చోబెట్టుకుని నవ్వుతున్నాడు. అవును, ఆ క్షణంలో నా మనసులో "నవ్వుతున్నాడు" అనే అనుకున్నాను. మర్నాడు నిద్రపోయినట్టు నటించాను. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. నిజంగా నిద్రపట్టిన రోజున మాత్రం మంగాయమ్మ గారు గోడ మీదుగా కళ్లతోనే సైగ చేసింది, వచ్చిందని.

ప్రయోగశాల నుంచి ఒక చిన్న రికార్డరు అడిగి తెచ్చాను. దాన్ని మంచం కింద పెట్టి, అన్నం కాస్త ఎక్కువే తిని పడుకున్నాను. లేచి, పెరట్లోకి వెళ్లి, బావి గట్టు మీద కూర్చుని చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత, నా చెవికి మరీ దగ్గరగా, బొంగురుగా, పచ్చి లంక యాసలో ఒక ఆడగొంతు వినిపించింది.

"కరేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చావేటయ్యా? సూపు లేకపోతే లేదు, ముక్కేవయ్యింది నీకు?"

ఆయన విరగబడి నవ్వారు. ముక్కు కూడా నీ దగ్గరే పెట్టి వెళ్లాను, వెతికి పెట్టు అన్నారు. ఇంతకాలంగా నేను వినని నవ్వు అది. వసారాలో కాదు, ఆ గొంతు పక్కనే, మంచం పట్టె మీదే కూర్చున్నారు. నా మంచం పట్టె మీద.

వసారాలోకి వెళ్లి రికార్డరు ఆయన ఒళ్లో పడేశాను. విప్పిన హార్మోనియం రీడ్లు చెల్లాచెదురయ్యాయి. మిమ్మల్ని నువ్వు నువ్వు అనే ఆ మోటు మనిషి ఎవరని, నా గదిలోకి ఎందుకొచ్చిందని, ఎన్నాళ్లుగా సాగుతోందని అడిగాను. మాణిక్యం గొంతులో పోట్లాట కూడా కచేరీలాగే ఉంటుంది, నాకే అసహ్యం వేసింది. ఆయన రికార్డరును తడిమి, మీట నొక్కి, విన్నారు. ముఖం మెల్లగా మారిపోయింది.

"నీకు తెలీలేదా?"

"తెలిస్తే ఎందుకడుగుతాను?"

"అది నువ్వే, సుగుణా."

నేను నమ్మలేదు. ఆయన నిదానంగా చెప్పారు. పెళ్లయిన కొత్తలోనే తెలిసిందట, మధ్యాహ్నం కునుకులో నేను మాట్లాడతానని. కాసేపే. అడిగితే జవాబు చెబుతానట, తిడతానట, మా ఊరి రేవులో పడవవాళ్ల పేర్లు పెట్టి పిలుస్తానట. నేను పట్టీ కట్టుకున్నాక ఇల్లంతా ఎవరో పరాయి మనిషి తిరుగుతుంటే ఆయనకు పిచ్చెక్కిపోయిందట, ఒక మధ్యాహ్నం గదిలోంచి ఆ గొంతు వినపడగానే మంచం దగ్గరికి వచ్చి ఏడ్చేశారట. అప్పటి నుంచి నాకు నిద్రపట్టే వేళకోసం ఎదురు చూస్తున్నారట.

ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా, ఈ పట్టీ గొడవ తర్వాతైనా ఎందుకు చెప్పలేదని.

ఆయన రీడ్లు ఏరుకుంటూ అన్నారు. "చెబితే దాన్ని కూడా పాడి చూపిస్తావని."

నిజం చెప్పాలంటే అప్పటికే నేను లోపల ఆ గొంతును పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. సాయంత్రం తలుపు వేసుకుని, రికార్డరు వింటూ, "కరేపాకు తెమ్మంటే" అని అనుకుని చూశాను. లంక యాస నేర్చుకున్న మాణిక్యంలా వచ్చింది. ఆ నిద్రలో మాట్లాడేదాని మీద నాకు కుళ్లు పుట్టింది. అది ఆయన్ని "నువ్వు" అంటుంది. ఆయన ముక్కు మీద, చూపు మీద జోకులేస్తుంది. నేను ఏ రోజైనా ఆయన దగ్గర అంత చనువు తీసుకున్నానా? మెత్తగా, ఒద్దికగా, పెళ్లిచూపులప్పటి గొంతుతోనే కాపురం చేసుకొచ్చాను.

ఇందుమతి గారు రికార్డు విని ఎగిరి గంతేసినంత పనిచేశారు. ఇంత శుభ్రమైన నమూనా దొరికిందంటే పట్టీతో నా గొంతు నాకు నేర్పించవచ్చు. పట్టీ నేర్పేది మనం కావాలని మాట్లాడే మాటలకే, నిద్రలో వచ్చేది అంతకన్నా పాతది, అందుకే అది చెడలేదని చెప్పారు. వెంటనే మొదలుపెడదామన్నారు. నేను ఒక్కటే అడిగాను. పట్టీ కట్టాక, నిద్రలో వచ్చే ఆవిడ వస్తుందా?

ఇందుమతి గారు పట్టీని బల్ల మీద పెట్టారు. "రాకపోవచ్చు. మాణిక్యం గొంతు చెరగాలంటే ఈసారి లోతుగా నేర్పాలి, అంత లోతుగా నేర్పిస్తే కింద ఉన్నది ఉండదు. కానీ ఏమిటి నష్టం, సుగుణగారూ? అదే గొంతు పగలంతా ఉంటుంది కదా."

పట్టీ బల్ల మీద ఉంది. మెడకు చుట్టుకుంటే చాలు, కొన్నాళ్లకు ఆయన నన్ను "నువ్వు" అంటారు. చెయ్యి చాచాను కూడా. అయితే ఏం నేర్చుకోబోతున్నానో నాకు తెలుసు. రికార్డు విని, కదలికలు పట్టి, అచ్చం ఆవిడే మాట్లాడినట్టు మాట్లాడటం. నా పాటకు నేనే కవర్ పాడుకోవడం. ఆ పాడటంలో అసలుదాన్ని నా చేతులతో నేనే చంపుకోవడం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రికార్డును ఇందుమతి గారి ఎదుటే చెరిపేయించాను. శేషఫణికి కూడా అప్పుడే ఫోను చేసి, మాణిక్యం మిగతా పాటలకు ఇంకొకరిని చూసుకోమన్నాను. అతను చాలా మాటలన్నాడు. ఈ గొంతు ఇలాగే ఉండిపోతే ఎలా అని ఇందుమతి గారు అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక మా ఆయనతో ఒక మాట చెప్పాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. ఇవాళ అది వస్తే అడగండి, పట్టపగలు, నేను మెలకువగా ఉండగా ఎప్పుడొస్తుందో అడగండి అన్నాను. సరేనన్నారు. పడుకున్నాను. ఎంతకూ నిద్రపట్టలేదు, అటు దొర్లాను, ఇటు దొర్లాను, ఫ్యాను రెక్కలు చూశాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

లేచేసరికి ఆయన వసారాలో రీడ్లు తుడుస్తున్నారు. ముఖంలో ఇంకా నవ్వు ఆరలేదు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"అడిగారా?"

"అడిగాను. చెబితే కోప్పడతావేమో."

"చెప్పండి."

ఆయన కాస్త తటపటాయించి, యాస ఏమీ పెట్టకుండా, విన్నది విన్నట్టు అప్పజెప్పారు.

"'ఆవిణ్ణి ముందు కాసేపు నోరు మూసుకోమనయ్యా. సందు ఇస్తే గదా నేనొచ్చేది' అంది."

నాకు ఒళ్లు మండిపోయింది. దానికి దీటుగా ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది, చక్కగా, శ్రుతిలో, మాణిక్యం గొంతుతో. పెదవులు బిగించి దాన్ని మింగేశాను. ఆయన పక్కన పీట వాల్చుకుని, మాట్లాడకుండా కూర్చున్నాను.